ఒకే పంపకం, నాలుగు క్లబ్బులు: డూప్లికేట్ బ్రిడ్జ్ పోటీ మీద ఒక కేస్ స్టడీ

నాలుగు ఊళ్ళలోని నాలుగు క్లబ్బులు ఒకే సాయంత్రం ఒకే పంపకంతో ఆడిన జంటల పోటీ ఇది. ఎవరి క్లబ్బులో వాళ్ళే ఆడారు, ఫలితాలు మాత్రం అన్నీ కలిపి ఒకే పట్టిక వేశాం. చీఫ్ డైరెక్టర్ (పోటీ నడిపి తీర్పులు చెప్పే ముఖ్యుడు) బాధ్యత నాది. క్లబ్బుల పేర్లతో పని లేదు కాబట్టి క, చ, ట, త అనుకుందాం. క క్లబ్బులో 13 టేబుళ్ళు, చ క్లబ్బులో 9, ట క్లబ్బులో 7. త క్లబ్బుకు 11 జంటలే వచ్చాయి, అంటే ఐదున్నర టేబుళ్ళు. ఇలాంటి పోటీ పెట్టాలనుకునే క్లబ్బు కార్యదర్శులకూ, కొత్తగా డైరెక్టర్ పని నేర్చుకుంటున్నవాళ్ళకూ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

1968లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యం ప్రధానమైన ఆటగా తేల్చింది. రమ్మీలో ఉండే అదృష్టం బ్రిడ్జ్ పంపకంలో ఉండే అదృష్టం లాంటిదేనన్న మాట ఆ తీర్పులోనే ఉంది. నలుగురు కూర్చుని సరదాగా ఆడుకునే బ్రిడ్జ్‌కు ఆ మాట సరిగ్గా సరిపోతుంది. డూప్లికేట్ పుట్టిందే ఆ కాస్త అదృష్టాన్ని కూడా తీసేయడానికి. నా చేతికొచ్చిన ముక్కలే ఇంకో టేబుల్‌లో ఇంకొకరికీ వస్తాయి, వాళ్ళకంటే నేను ఎంత బాగా ఆడానన్నదే లెక్క. కాబట్టి ఏ కారణంగానైనా రెండు టేబుళ్ళ పోలిక చెడిందంటే, తీసేశామనుకున్న అదృష్టం దొడ్డిదారిన తిరిగొచ్చినట్టే. క్లబ్బుల సంఖ్య పెరిగేకొద్దీ దొడ్డిదారులూ పెరుగుతాయి. ఈ పోటీలో మేం తీసుకున్న ప్రతి నిర్ణయాన్నీ ఈ ఒక్క గీటురాయి మీదే చూసుకున్నాం.

టేబుళ్ళ లెక్క

ముందుగా తేల్చాల్సింది ఎవరు ఎన్ని బోర్డులు ఆడాలి అన్నది. బోర్డు అంటే ఒక పంపకంలో నలుగురి ముక్కలనూ నాలుగు అరల్లో ఉంచి టేబుల్ నుంచి టేబుల్‌కు పంపే పళ్ళెం; ఆ పంపకాన్నీ బోర్డు అనే అంటారు. ప్రతి జంటా 24 బోర్డులు ఆడాలి, ఆట మూడు గంటల్లో ముగియాలి అనుకున్నాం. బోర్డుకు ఏడున్నర నిమిషాలు ఇస్తే ఇది సరిపోతుంది.

నాలుగు క్లబ్బుల్లోనూ మిచెల్ పద్ధతే పెట్టాం. ఇందులో నార్త్-సౌత్ జంటలు (ఉత్తరం, దక్షిణం దిక్కుల్లో ఎదురెదురుగా కూర్చునే ఇద్దరేసి) కదలవు. ఈస్ట్-వెస్ట్ జంటలు రౌండు రౌండుకూ ఒక టేబుల్ పైకి వెళ్తాయి, బోర్డులు ఒక టేబుల్ కిందికి వస్తాయి. టేబుళ్ళు బేసి సంఖ్యలో ఉంటే ఇది సాఫీగా నడుస్తుంది. క క్లబ్బులో రెండేసి బోర్డుల చొప్పున 12 రౌండ్లు, చ క్లబ్బులో మూడేసి చొప్పున 8 రౌండ్లు, ట క్లబ్బులో నాలుగేసి చొప్పున 6 రౌండ్లు. ఎలా గుణించినా 24.

చిక్కు త క్లబ్బు దగ్గర వచ్చింది. టేబుళ్ళు సరి సంఖ్యలో ఉంటే సగం రౌండ్లు అయ్యేసరికి ఈస్ట్-వెస్ట్ జంటలకు అప్పటికే ఆడేసిన బోర్డులు ఎదురవుతాయి. ఇది తప్పించడానికి మూడు, నాలుగు టేబుళ్ళ మధ్య ఒక స్టూలు వేసి, ఒక బోర్డుల కట్టను రౌండు పాటు దాని మీద ఉంచుతారు. ఒకటో టేబుల్, ఆరో టేబుల్ ఒకే కట్టను పంచుకుంటాయి. పంచుకోవడమంటే ఒకళ్ళు ఆడుతుంటే ఇంకొకళ్ళు బోర్డు కోసం ఎదురుచూడటం, పక్క టేబుల్ మాటలు చెవిన పడటం. త క్లబ్బులో ఒక జంట తక్కువ పడటం ఇక్కడ కలిసొచ్చింది. లేని జంటను ఆరో టేబుల్ నార్త్-సౌత్‌లో కూర్చోబెట్టినట్టు లెక్క వేశాం. ఆరో టేబుల్‌లో ఆటే ఉండదు, ఇక పంచుకునే పనే లేదు. ఈస్ట్-వెస్ట్ జంటలు తలా ఒక రౌండు ఖాళీగా కూర్చుని 20 బోర్డులు ఆడతాయి, వాళ్ళ శాతం ఆ 20 మీదే లెక్కిస్తాం. అర టేబుల్ మిగిలినప్పుడు ఆ ఖాళీని ఎక్కడ పెట్టాలన్నది మన చేతిలోనే ఉంటుంది. చాలా చోట్ల ఆఖర్న వచ్చిన జంటను ఎక్కడ కుర్చీ దొరికితే అక్కడ కూర్చోబెట్టేస్తారు. అలా చేయకండి.

ఈ ఏర్పాటు వల్ల 1 నుంచి 24 దాకా ప్రతి బోర్డుకూ 31 ఫలితాలు వచ్చాయి: క నుంచి 12, చ నుంచి 8, ట నుంచి 6, త నుంచి 5. 25, 26 బోర్డులకు 26 ఫలితాలే. 27కు 14. 28వ బోర్డు ఒక్క ట క్లబ్బులోనే ఆడారు, దానికి ఆరే ఫలితాలు.

ఆరింటిలో మొదటి స్థానం, 31లో మొదటి స్థానం ఒకటేనా? కాదు. అందుకే ఫ్రాన్స్‌కు చెందిన జెరార్ న్యూబర్గ్ పేరుతో ఉన్న సూత్రం వాడతాం. మనకంటే తక్కువ ఫలితానికి 2, సమానమైనదానికి 1 చొప్పున పాయింట్లు వేశాక, వచ్చిన మొత్తానికి 1 కలిపి, రావాల్సిన ఫలితాల సంఖ్యతో హెచ్చించి, నిజంగా వచ్చిన ఫలితాల సంఖ్యతో భాగించి, చివర్లో 1 తీసేయాలి. 28వ బోర్డు మీద ఐదుగురినీ దాటిన జంటకు 10 పాయింట్లు. పదికి ఒకటి కలిపి, 31తో హెచ్చించి, 6తో భాగించి, ఒకటి తీస్తే 55.83. 31 ఫలితాల్లో మిగతా 30నీ దాటితే వచ్చే పూర్తి మార్కు 60 కాబట్టి అది 93 శాతం. ట క్లబ్బులో ఒకాయన "అందరికంటే బాగా ఆడాం కదండీ, వంద ఎందుకు రాదు?" అని నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. మిగతా మూడు క్లబ్బులు కూడా ఆ బోర్డు ఆడి ఉంటే వాళ్ళలో ఎవరో ఒకరు ఆయన్ని అందుకునేవారో దాటేవారో. ఆ అవకాశానికి కోసిన ఏడు శాతం అది. అలాగే చిట్టచివరి జంటకూ సున్నా పడదు, 7 శాతం దాకా వస్తుంది.

నార్త్-సౌత్‌కు ఒక పట్టిక, ఈస్ట్-వెస్ట్‌కు ఒక పట్టిక వేసి ఇద్దరు విజేతలను ప్రకటించాలని ముందే నిర్ణయించాం. చివరి రౌండులో దిక్కులు మార్చి ఆడించి ఒకే విజేతను తేల్చే పద్ధతి ఉంది. ఒకే హాల్లో అయితే నేనూ అదే వాడతాను. నాలుగు చోట్ల రౌండుకు మూడు రకాల బోర్డుల సంఖ్య ఉన్నప్పుడు దిక్కు మార్చే బోర్డుల పాలు ఒక్కోచోట ఒక్కోలా పడుతుంది, పోలిక వంకర పోతుంది.

దిక్కుల విషయంలో మన క్లబ్బుల్లో ఇంకో అలవాటు ఉంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు లేచి తిరగలేక నార్త్-సౌత్ అడుగుతారు. బాగా ఆడేవాళ్ళూ చాలామటుకు ఆ పెద్దవాళ్ళే. అలా వదిలేస్తే ఆ క్లబ్బు నార్త్-సౌత్ జంటలన్నీ బలహీనమైన ప్రత్యర్థుల మీద ఆడి మిగతా క్లబ్బుల నార్త్-సౌత్ కంటే పైకి తేలతాయి. అందుకని ప్రతి క్లబ్బు డైరెక్టర్‌నూ జంటల జాబితా ముందు రోజే పంపమన్నాం. బలమైన జంటలను రెండు దిక్కులకూ సమంగా పంచాం. నిజంగా నడవలేనివాళ్ళను మాత్రం ఉన్నచోటే ఉంచి, వాళ్ళకు జవాబుగా ఓపిక ఉన్న మంచి జంటలను ఈస్ట్-వెస్ట్‌కు పంపాం.

ముక్కలు సర్దడం

పంపకాలు కంప్యూటర్‌తో చేయించాం. 52 ముక్కలను నలుగురికి పంచే విధాలు ఐదు పక్కన 28 సున్నాలు పెట్టినన్ని ఉన్నాయి. చేత్తో రెండు మూడుసార్లు కలిపి పంచితే ముందు ఆటలోని ట్రిక్కుల (నలుగురూ తలా ఒకటి వేసిన నాలుగేసి ముక్కల) వరస పూర్తిగా చెదరదు, చేతులు చదునుగా వస్తాయి, అంటే నాలుగు సూట్లూ దాదాపు సమంగా పడతాయి. దానికి అలవాటుపడినవాళ్ళకు కంప్యూటర్ పంపకం అడవిలా అనిపిస్తుంది. ఏడేసి ముక్కల సూట్లు, ఒక్క ముక్క కూడా లేని సూట్లు ఎక్కువగా ఉన్నాయని ఈసారి కూడా అన్నారు. నిజానికి అవి ఉండాల్సినన్నే ఉన్నాయి.

ముక్కలు వాటంతట అవే సర్దే యంత్రం క క్లబ్బు దగ్గరొక్కటే ఉంది. మిగతా మూడు చోట్ల చేత్తోనే. పంపకాల ఫైలును ఆ పూట ఆడని ఒక వ్యక్తికి మాత్రమే మధ్యాహ్నం పంపాం. అతనికి తోడుగా ఇంకొకరు, ఆయనా ఆడకూడదు. ఒకరు కాగితం చూసి చదువుతుంటే ఇంకొకరు బోర్డులోని నాలుగు అరల్లో ముక్కలు పెడతారు. 28 బోర్డులకు ఇద్దరు మనుషులకు రెండు గంటలు తేలిగ్గా పడుతుంది. చివర్లో ప్రతి అరలోనూ 13 ముక్కలున్నాయో లేదో లెక్కపెట్టి పెట్టెలో పెట్టి తాళం వేస్తారు.

ఇక ఫోన్లు. నాలుగు క్లబ్బులూ సాయంత్రం 5 గంటలకే మొదలుపెట్టినా ఒకే నిమిషంలో ముగించలేవు. ముందు ముగించిన క్లబ్బులో ఎవరో ఉత్సాహం కొద్దీ "14లో స్లామ్ కొట్టాం" (13 ట్రిక్కుల్లో 12 గానీ 13 గానీ తెస్తామని చెప్పి తెచ్చాం) అని వాట్సాప్‌లో పెడితే, ఇంకో ఊళ్ళో ఆ బోర్డు ఇంకా ఆడాల్సిన టేబుల్‌కు అది తెలియకూడని సమాచారం అవుతుంది. ఫోన్లు ఆపి కౌంటర్ దగ్గర ఇవ్వాలి, క్లబ్బుల గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకూడదు, ఆఖరి క్లబ్బు ముగిసిందని నేను చెప్పేదాకా పంపకాల కాగితాలు బయటికి ఇవ్వకూడదు. ఈ మూడు నియమాలూ నోటీసులోనే అచ్చువేశాం. డాక్టర్లు ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారు. ఆసుపత్రి నుంచి ఫోనొస్తే కౌంటర్ కుర్రాడు వచ్చి చెబుతాడని ఒప్పించాం.

17వ బోర్డు మీద తీర్పు

క క్లబ్బులో ఆరో రౌండులో డైరెక్టర్‌కు పిలుపు వచ్చింది. డీలర్ (ముందుగా బిడ్ చెప్పాల్సినవాడు) నార్త్, ఎవరూ వల్నరబుల్ (గెలుపోటములకు పాయింట్లు పెరిగే స్థితి) కాదు. బిడ్డింగ్ వేలంపాట లాంటిది: 1 స్పేడ్ అంటే స్పేడ్ తురుపుగా ఆరుకు పైన ఒకటి, అంటే ఏడు ట్రిక్కులు తెస్తామని; ఆఖరి బిడ్ కాంట్రాక్ట్ అవుతుంది. నార్త్ 1 స్పేడ్, ఈస్ట్ 2 హార్ట్స్, సౌత్ 2 స్పేడ్స్, వెస్ట్ 3 హార్ట్స్. ఇక్కడ నార్త్ చాలాసేపు ఆలోచించి పాస్ అన్నాడు. ఈస్ట్ పాస్. సౌత్ 3 స్పేడ్స్ అన్నాడు, తొమ్మిది ట్రిక్కులు చేశాడు.

ఆలోచించడం తప్పు కాదు, ఎవరైనా ఆలోచించవచ్చు. కానీ ఆ ఆలస్యం నార్త్ దగ్గర ఇంకా బలం ఉందని సౌత్‌కు చెప్పేసింది. డూప్లికేట్ బ్రిడ్జ్ 2017 నియమావళిలోని 16వ సూత్రం ప్రకారం, పాస్ అనడం కూడా సౌత్‌కు సహేతుకమైన దారే అయితే, ఆలస్యం సూచించిన దారిని ఎంచుకోకూడదు. మరి పాస్ సహేతుకమేనా? ఆ స్థాయి ఆటగాళ్ళను అడిగి తెలుసుకోవాలి. అడగాల్సింది ఈ బోర్డు చూడనివాళ్ళనే, కాగితం చూసినవాడి జవాబు పనికిరాదు. పోటీలో ఉన్నవాళ్ళలో ఆ బోర్డు ఇంకా ఆడనివాళ్ళను అడిగితే వాళ్ళ ఆట పాడవుతుంది. అందుకే ఆ పూట ఆడని కొందరు మంచి ఆటగాళ్ళను ఇళ్ళ దగ్గర ఫోనుకు అందుబాటులో ఉండమని ముందే కోరాం. అక్కడి డైరెక్టర్ టేబుల్ దగ్గర వాస్తవాలు మాత్రం రాసుకుని, ఆట సాగించమని చెప్పి నాకు ఫోన్ చేశాడు. ఎవరు, ఏ క్లబ్బు అన్నది చెప్పకుండా సౌత్ చేయి, అప్పటిదాకా జరిగిన బిడ్డింగ్ మాత్రం చదివి వినిపించి అడిగాం. ఎక్కువమంది పాస్ అన్నారు.

కాబట్టి కాంట్రాక్ట్ ఈస్ట్ ఆడే 3 హార్ట్స్ అయ్యేది. అది తొమ్మిది ట్రిక్కులు చేస్తుందా, ఒకటి తగ్గుతుందా అన్నది డిఫెన్స్ (ఎదుటి జంట ఆట) మీద ఆధారపడి ఉంది. 12వ సూత్రం ఇలాంటప్పుడు రెండు ఫలితాలనూ పాళ్ళలో కలపనిస్తుంది. 60 పాళ్ళు కాంట్రాక్ట్ చేసినట్టు, 40 పాళ్ళు ఒకటి తగ్గినట్టు ఇచ్చాం. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. కాంట్రాక్ట్ చేస్తే వచ్చే 140నీ, ఒకటి తగ్గితే పోయే 50నీ కలిపి సగటు తీసి దాన్ని పోల్చకూడదు. ఒక్కో ఫలితానికీ విడిగా 31 టేబుళ్ళ మీద పాయింట్లు కట్టి, ఆ పాయింట్లను 60, 40 పాళ్ళలో కలపాలి.

నాలుగు క్లబ్బుల డైరెక్టర్లకూ ఒకే మాట చెప్పాను: అభిప్రాయంతో తేల్చాల్సిన తీర్పు ఏదీ టేబుల్ దగ్గర ఇవ్వొద్దు. సూట్ ఉండి వేయకపోవడం, వరస తప్పి ముక్క దించడం లాంటివి పుస్తకం చూసి అక్కడికక్కడే తేల్చేయవచ్చు. ఆలస్యాలు, తప్పుడు వివరణలు మాత్రం ఒకే చోటికి రావాలి. లేకపోతే ఒకే బోర్డు మీద ఒకే తప్పుకు ఒక ఊళ్ళో ఒక న్యాయం, ఇంకో ఊళ్ళో ఇంకో న్యాయం నడుస్తుంది.

11వ బోర్డు

ఆ రాత్రి తాత్కాలిక ఫలితాలు పెట్టాం. నార్త్-సౌత్ పట్టికలో చ క్లబ్బు జంట 61.40 శాతంతో మొదట, క క్లబ్బు జంట 59.60తో రెండో స్థానంలో ఉన్నాయి. మర్నాడు పొద్దున చ క్లబ్బు నుంచి ఒక పెద్దాయన ఫోన్. "మాస్టారూ, కాగితంలో 11వ బోర్డు హార్ట్ కింగ్ ఈస్ట్ చేతిలో ఉందండీ. నేను ఈస్ట్‌లోనే కూర్చున్నాను. నా చేతిలో కింగ్ లేదు."

11వ బోర్డులో సౌత్ ఆడేది 4 స్పేడ్స్. మూడు ట్రిక్కులు ఎలాగూ పోతాయి, గేమ్ అంతా హార్ట్ ఫినెస్ (కింగ్ వెస్ట్‌లో ఉందని నమ్మి ఏస్ దాచి క్వీన్ వేసి చూడటం) మీద ఉంది. డమ్మీలో (బల్ల మీద పరిచిన నార్త్ చేతిలో) ఏస్, క్వీన్. కింగ్ వెస్ట్‌లో ఉంటే ఫినెస్ పారుతుంది, పది ట్రిక్కులు. ఈస్ట్‌లో ఉంటే పోతుంది, ఒకటి తక్కువ. కంప్యూటర్ పంచినదాని ప్రకారం కింగ్ ఈస్ట్‌లో ఉండాలి. చ క్లబ్బులో ముక్కలు సర్దేటప్పుడు హార్ట్ కింగ్, హార్ట్ ఎనిమిది తారుమారయ్యాయి. రెండూ ఒకే సూట్ కాబట్టి ప్రతి అరలోనూ 13 ముక్కలు ఉన్నాయి, సూట్ల పొడవులు కూడా కాగితంతో సరిపోయాయి. లెక్కపెట్టి చూస్తే దొరికే తప్పు కాదది.

తప్పు మొదటి నుంచీ ఉందా, మధ్యలో ఏదో టేబుల్ దగ్గర ముక్కలు మారాయా? 87వ సూత్రం ముందు అడిగేది ఇదే. ఎవరు ఏ రూపంలో ఆడారో డైరెక్టర్ వీలైనంత కచ్చితంగా తేల్చాలి. 9 టేబుళ్ళలో మూడేసి బోర్డులు కాబట్టి 11వ బోర్డు మొదటి రౌండులో నాలుగో టేబుల్‌లో ఉంది. ఆ టేబుల్ ఈస్ట్‌ను అడిగితే తన చేతిలో కింగ్ లేదన్నారు. ఆఖరి రౌండు వెస్ట్‌ను అడిగితే కింగ్ తన దగ్గరే ఉందన్నారు. పెట్టె తెరిపించి చూస్తే బోర్డు ఇంకా అలాగే ఉంది. అంటే ఎనిమిది ఫలితాలూ తప్పు రూపంలోవే, మిగతా మూడు క్లబ్బుల 23 సరైన రూపంలోవి. రెంటినీ రెండు గుంపులుగా విడదీసి, ఏ గుంపును ఆ గుంపులోనే పోల్చి, న్యూబర్గ్ సూత్రంతో 31 మీదికి తేవాలి.

అలా తెచ్చాక తేడా ఎంతో చూడండి. చ క్లబ్బులో ఐదు జంటలు 4 స్పేడ్స్ చేసి 420 తెచ్చుకున్నాయి, రెండు ఒక ట్రిక్కు ఎక్కువ తెచ్చి 450, ఒకటి 3 స్పేడ్స్‌లో ఆగి 170. మిగతా చోట్ల 17 జంటలు ఒకటి తగ్గి 50 పోగొట్టుకున్నాయి, నాలుగు 3 స్పేడ్స్‌లో ఆగి 140, రెండు చోట్ల డిఫెన్స్ జారి 420. అన్నీ కలిపి లెక్కించినప్పుడు చ క్లబ్బులో 420కి 60లో 50 పాయింట్లు, 83.3 శాతం. విడదీశాక అదే 420కి 26.1 పాయింట్లు, 43.5 శాతం. మిగతా చోట్ల ఒకటి తగ్గినవాళ్ళు 26.7 శాతం నుంచి 36.5కు పెరిగారు. అన్నిటికంటే ముఖ్యం, చ క్లబ్బు ఈస్ట్-వెస్ట్ జంటలకు న్యాయం జరిగింది. ఏ తప్పూ చేయకుండా ఆ బోర్డు మీద 16.7 శాతంతో నష్టపోయినవాళ్ళకు 56.5 వచ్చింది.

ఒక్క బోర్డు మీద దాదాపు 40 శాతం తగ్గితే 24 బోర్డుల మొత్తం మీద 1.66 శాతం తగ్గుతుంది. మొదటి స్థానంలో ఉన్న చ జంట తెచ్చుకున్నది ఆ 420యే. వాళ్ళు 61.40 నుంచి 59.74కు దిగారు. 11వ బోర్డులో ఒకటి తగ్గిన క జంట 59.60 నుంచి 60.01కి ఎక్కింది. కప్పు చేతులు మారింది.

ఫలితాలు ప్రకటించాక మార్చవచ్చా అని అడిగారు. సవరణలకు నియమావళి ఇచ్చే గడువు అరగంటే, అయితే నిర్వాహకులు వేరే గడువు పెట్టుకోవచ్చు. నాలుగు ఊళ్ళ వాళ్ళు కాగితం చూసుకుని మాట్లాడుకోవడానికి అరగంట ఏ మూలకూ చాలదని, మర్నాడు సాయంత్రం 6 గంటల దాకా అని నోటీసులోనే రాశాం. ఆ గడువులోపు తప్పు ఏ దారిలో తెలిసినా సరిదిద్దాల్సిన బాధ్యత 81వ సూత్రం డైరెక్టర్ మీద పెట్టింది. పెద్దాయన ఫోన్ చేసింది ఆ గడువులోనే. ఆయన ఆడింది ఈస్ట్-వెస్ట్, కాబట్టి తన లాభం కోసం చేశారని ఎవరైనా అనవచ్చు. అడిగింది నిజమా కాదా అన్నదే మనం చూడాలి.

చ జంటకు నేనే ఫోన్ చేసి, మొదట లెక్క చెప్పి ఆ తర్వాతే స్థానం చెప్పాను. ఇద్దరూ కాగితం ముందు పెట్టుకుని ప్రతి అంకె సరిచూసుకున్నారు. "అందరూ ఆడిన చేయి మేం ఆడలేదు, అంతే కదండీ. అయితే ఆ మార్కు మాది కాదు," అన్నారు. వాళ్ళ మీద నాకున్న గౌరవం ఇంకా పెరిగింది.

గడువు ముగిసేలోపు ఇంకో రెండు సవరణలు వచ్చాయి. రెండూ త క్లబ్బువే, స్కోరు చీటీ మీద డిక్లేరర్ (కాంట్రాక్ట్ ఆడిన వ్యక్తి) దిక్కు తప్పు రాసినవి. ఒక బోర్డులో 30 టేబుళ్ళలో సౌత్ ఆడిన కాంట్రాక్ట్ ఒక్కచోట ఈస్ట్ ఆడినట్టు కనిపిస్తే ముందు చీటీనే అనుమానించాలి. స్కోరు యంత్రాలున్న క, చ క్లబ్బుల నుంచి ఇలాంటివి రాలేదు.

ఈ పోటీ తర్వాత సర్దడంలో రెండు పనులు కలిపాం. పంపకాల కాగితంలో ప్రతి చేయి పక్కనా దాని పాయింట్లు అచ్చయి ఉంటాయి: ఏస్‌కు 4, కింగ్‌కు 3, క్వీన్‌కు 2, జాక్‌కు 1, నాలుగు చేతులూ కలిపి 40. ముక్కల లెక్కతో పాటు ఈ పాయింట్లు కూడా అర అరకూ కూడి చూస్తే 11వ బోర్డులాంటిది తాళం వేయకముందే బయటపడుతుంది. రెండోది, చేత్తో సర్దే మూడు క్లబ్బుల నుంచీ మూడేసి బోర్డులు తెరిచి తీసిన ఫొటోలు చీఫ్ డైరెక్టర్‌కు రావాలి. ఏ మూడు బోర్డులో అతను అప్పటికప్పుడు చెబుతాడు. ఆ తొమ్మిది ఫొటోలూ కాగితంతో సరిపోయాయని కబురు వచ్చేదాకా ఏ క్లబ్బులోనూ మొదటి రౌండు గంట కొట్టరు.